పేర్ల రిజిస్టరు రాసిన జాన్ పోస్టెల్

కంప్యూటర్ అనగానే మనం బిల్ గేట్స్ పేరు చెబుతాం. ఇంటర్నెట్ అనగానే గూగుల్ అంటాం. జాన్ పోస్టెల్ ఎవరని మన హాస్టల్లో పదిమందిని అడిగితే పదిమందీ ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. ఆయన కంపెనీ పెట్టలేదు. కోట్లు గడించలేదు. దాదాపు ముప్పై ఏళ్లపాటు కూర్చుని ఒక రిజిస్టరు రాశారు. ఇవాళ మనం సెల్‌ఫోన్‌లో ఒక వెబ్‌సైట్ పేరు కొడితే సరిగ్గా అదే తెరుచుకుంటున్నదంటే దాని వెనుక ఆ రిజిస్టరు ఉంది.

నా పి.జి. ప్రాజెక్టు డొమైన్ నేమ్ సర్వర్ మీద. సర్వర్‌ను ఆపకుండా, అది నడుస్తూ ఉండగానే అందులో పేర్లు చేర్చడం, తీసేయడం, మార్చడం ఎలా అన్నది విషయం. దానికోసం పాత పత్రాలు తిరగేస్తుంటే ఎక్కడ చూసినా ఈయన పేరే కనిపించింది. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని అడిగినప్పుడు ఈయన గురించే రాద్దామనుకున్నాను. ఎందుకంటే లిస్టులో పేరు ఉండటం అంటే ఏమిటో, లేకపోవడం అంటే ఏమిటో హాస్టల్ పిల్లలకు వేరే చెప్పనక్కర్లేదు. అడ్మిషన్ రిజిస్టరులో పేరు ఎక్కితేనే మనకు మెస్‌లో కంచం, ట్రంకు పెట్టెకు చోటు, దుప్పటి, కాస్మెటిక్ చార్జీలు. స్కాలర్‌షిప్ లిస్టులో ఒక్క అక్షరం తేడా వస్తే ఎన్ని బల్లల ముందు నిలబడాలో మనలో చాలామందికి అనుభవమే. మనిషి ఎదురుగా ఉన్నా రిజిస్టరులో లేకపోతే లేనట్టే. యంత్రాల లోకంలోనూ ఇదే రూలు.

బాల్యం, చదువు

జాన్ పోస్టెల్ 1943 ఆగస్టు 6న అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో ఆల్టడీనా అనే ఊళ్లో పుట్టారు. లాస్ ఏంజిలిస్ నగరంలో వాన్ నైస్ హైస్కూల్లో చదివారు. విశేషమేమిటంటే ఇంటర్నెట్ చరిత్రలో పెద్ద పేర్లయిన వింట్ సెర్ఫ్, స్టీవ్ క్రాకర్ కూడా ఆ బడిలోనే చదువుకున్నారు. ఒక బడి నుంచి ముగ్గురు! తర్వాత లాస్ ఏంజిలిస్‌లోని కాలిఫోర్నియా యూనివర్సిటీలో 1966లో ఇంజనీరింగ్ డిగ్రీ, 1968లో మాస్టర్స్, 1974లో కంప్యూటర్ సైన్సులో పీహెచ్‌డీ పూర్తిచేశారు.

ఆయన పి.జి. చదువుతున్న రోజుల్లోనే అమెరికా రక్షణశాఖ డబ్బుతో ఆర్పానెట్ అనే నెట్‌వర్కు మొదలైంది. ఇప్పటి ఇంటర్నెట్‌కు అదే పునాది. దాని మొదటి కేంద్రం జాన్ చదువుతున్న యూనివర్సిటీలోనే, ప్రొఫెసర్ లెనార్డ్ క్లైన్‌రాక్ ల్యాబులో పెట్టారు. 1969 అక్టోబరు 29న అక్కడి నుంచి స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కు మొదటి సందేశం వెళ్లింది. ఆ ల్యాబులో పనిచేసిన కుర్రాళ్లలో జాన్ ఒకరు.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి చెప్పాలి. రెండు కంప్యూటర్లు మాట్లాడుకోవాలంటే వాటికి ఏవో నియమాలు ఉండాలి కదా. ఆ నియమాలు రాసే పని చేతిలో పెట్టుకుని కూర్చున్నది పి.జి. విద్యార్థులు. ఎవరో పెద్ద నిపుణులు వచ్చి ఇదిగో ఇలా చేయండి అని చెబుతారని వాళ్లు ఎదురుచూశారట. ఎవరూ రాలేదు. చివరికి వాళ్లే రాయడం మొదలుపెట్టారు. పెద్దలకు కోపం రాకుండా ఆ పత్రాలకు చాలా అణకువగా పేరు పెట్టారు. మీ అభిప్రాయాలు కోరుతున్నాం అని దాని అర్థం. ఇంగ్లీషులో పొట్టిగా ఆర్.ఎఫ్.సి. అంటారు. మొదటిది స్టీవ్ క్రాకర్ 1969 ఏప్రిల్‌లో రాశారు. అభిప్రాయం అడుగుతూ రాసిన ఆ కాగితాలే తర్వాత ప్రపంచమంతా పాటించే చట్టాలయ్యాయి.

ఆ పత్రాలకు నంబర్లు వేయడం, తప్పులు దిద్దడం, పద్ధతిగా దాచిపెట్టడం అనే బాధ్యత జాన్ మీద పడింది. పడింది అనడం కంటే ఆయనే భుజాన వేసుకున్నారనడం సరైనది. చనిపోయేదాకా దించలేదు. ఆయన వెళ్లిపోయేసరికి ఆ వరుస 2,400 దాటింది.

ఇంకో పని కూడా తనే అడిగి తీసుకున్నారు. కంప్యూటర్లో ఒక్కో సేవకు ఒక్కో నంబరు ఉంటుంది. ఎవరికి తోచిన నంబరు వాళ్లు వాడుకుంటే గందరగోళం. 1972 మేలో ఆయన ఒక పత్రం రాస్తూ, ఈ నంబర్లు ఇచ్చే అధికారం ఒక్కరి దగ్గరే ఉండాలని, ఆ ఒక్కరు తనే అయితే ఎలా ఉంటుందని కాస్త సరదాగానే ప్రతిపాదించారు. ఎవరూ కాదనలేదు. కాదనడానికి అదేమీ పదవి కాదు, వట్టి చాకిరీ. మొదట్లో ఆ నంబర్లు ఒక నోటుబుక్కులో రాసుకునేవారని తోటివాళ్లు చెబుతారు. మెయిలు పంపడానికి 25, పేర్లు వెతకడానికి 53, వెబ్ పేజీలకు 80 అని ఇవాళ మనం ల్యాబులో బట్టీపట్టే నంబర్లన్నీ ఆ లిస్టులోవే.

కొన్ని సంస్థల్లో పనిచేసి 1977లో ఆయన దక్షిణ కాలిఫోర్నియా యూనివర్సిటీకి చెందిన ఇన్ఫర్మేషన్ సైన్సెస్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. అది సముద్రం ఒడ్డున మరీనా డెల్ రే అనే చోట ఉంది. చివరిదాకా అక్కడే. పొడుగాటి గడ్డం, కాళ్లకు చెప్పులు, సెలవు దొరికితే సియెర్రా నెవాడా కొండల్లో నడక. చూస్తే మన ఊరి బైరాగిలా ఉంటారు. 1980, 1982 మధ్య ఆయన రాసినవీ, సంపాదకత్వం వహించినవీ చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. యు.డి.పి., ఐ.పి., టి.సి.పి., మెయిలు పంపే ఎస్.ఎం.టి.పి. నెట్‌వర్క్స్ సబ్జెక్టులో సగం సిలబస్ అదే!

ఆయన పేరుతోనే పిలిచే సూత్రం ఒకటుంది. మనం పంపేది నియమం తప్పకుండా పంపాలి, ఎదుటివాడు పంపిన దాంట్లో చిన్నచిన్న లోపాలుంటే సర్దుకుని అర్థం చేసుకోవాలి అన్నది దాని సారం. మనుషులకు కూడా పనికొచ్చే మాటే. అయితే ఇంజనీర్లందరూ ఇప్పుడు దీన్ని ఒప్పుకోవడం లేదు. లోపాలను సర్దుకుంటూ పోతే అవి పాతుకుపోతాయని 2023లో వెలువడిన ఒక ఆర్.ఎఫ్.సి.లో వాదించారు. నా మటుకు నాకు, పేర్లు చదివి చెప్పే సర్వర్‌కు ఓర్పు మంచిదే కానీ పేర్లు మార్చే సర్వర్‌కు అంత ఓర్పు పనికిరాదనిపిస్తుంది. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

ఒకే కాగితం మీద ప్రపంచం

కంప్యూటర్లకు పేర్లు అక్కర్లేదు. వాటికి అంకెల చిరునామాలు చాలు. పేర్లు కావలసింది మనుషులకు. ఆర్పానెట్ రోజుల్లో ఏ పేరుకు ఏ అంకె అన్నది ఒకే ఒక్క ఫైలులో ఉండేది. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ అనే ఆమె బృందం ఆ ఫైలును చూసుకునేది. అందరూ ఆమెను జేక్ అని పిలిచేవారు. కొత్త కంప్యూటర్ పెట్టినవాళ్లు ఆమె ఆఫీసుకు కబురు చేయాలి, వాళ్లు ఫైలులో చేర్చాలి, ఆ తర్వాత దేశంలోని ప్రతి కంప్యూటరూ మొత్తం ఫైలును మళ్లీ దించుకోవాలి.

పది కంప్యూటర్లున్నప్పుడు పది వరుసల ఫైలును పది మంది దించుకుంటే మొత్తం వంద వరుసల రవాణా. వెయ్యి కంప్యూటర్లయితే వెయ్యి వరుసలు, వెయ్యి మంది, అంటే పది లక్షలు. కంప్యూటర్లు వంద రెట్లు పెరిగితే భారం పది వేల రెట్లు పెరిగింది. పైగా ఆఫీసు వాళ్లు ఫైలులో మార్చేసరికి ఆలస్యం. దించుకున్నవాళ్ల దగ్గర పాత ప్రతి. రాష్ట్రంలో ప్రతి హాస్టల్ పిల్లాడి పేరూ, గది నంబరూ ఒకే కాగితం మీద రాసి రాజధానిలో నోటీసు బోర్డుకు అంటించి, దాన్ని అన్ని హాస్టళ్ల వార్డెన్లూ వారానికోసారి పూర్తిగా కాపీ చేసుకోవాలంటే ఎలా ఉంటుందో ఊహించండి.

జాన్ 1982లో జా-సింగ్ సూ అనే సహచరుడితో కలిసి పేర్లను శాఖలుగా విడదీయాలని రాశారు. ఆ తర్వాత తన సంస్థలోనే పనిచేస్తున్న పాల్ మోకాపెట్రిస్ అనే యువకుడికి ఐదు వేర్వేరు ప్రతిపాదనలు ఇచ్చి, వీటన్నిటికీ మధ్యస్థంగా ఒకటి తేల్చమన్నారు. పాల్ ఆ ఐదింటినీ పక్కన పెట్టి తన సొంత పద్ధతి తయారుచేశారు. మన దగ్గర అయితే పెద్దవాళ్లు చెప్పింది చేయలేదని తిట్లు పడేవి. జాన్ మాత్రం పద్ధతి బాగుందా లేదా అన్నదే చూశారు. 1983 జూన్ 23న ఇద్దరూ కలిసి దాన్ని పరీక్షించారు, పనిచేసింది. ఆ నవంబరులో పాల్ రాసిన రెండు పత్రాలు, వాటితోపాటు ఎప్పటికల్లా ఎవరు మారాలో జాన్ రాసిన ప్రణాళిక వెలువడ్డాయి. మరుసటి ఏడాది జాన్, ఆయన సహోద్యోగి జాయిస్ రేనాల్డ్స్ కలిసి కామ్, ఎడ్యు, గవ్, మిల్, ఆర్గ్ అనే శాఖలను, వాటితోపాటు దేశాలకు రెండక్షరాల శాఖలను ఖరారు చేశారు.

ఈ పద్ధతిలో పైనున్నవాడికి అన్ని పేర్లూ తెలియనక్కర్లేదు. రాష్ట్ర ఆఫీసుకు ఏ జిల్లా ఆఫీసు ఎక్కడుందో తెలిస్తే చాలు. జిల్లా ఆఫీసుకు ఏ హాస్టల్ ఎక్కడుందో తెలిస్తే చాలు. మూడో గదిలో ఎవరున్నారో ఆ హాస్టల్ వార్డెన్ రిజిస్టరులోనే ఉంటుంది. ఎవరి రిజిస్టరు వారిది, ఎవరి బాధ్యత వారిది. అన్నిటికంటే పైన ఉండే చిన్న రిజిస్టరును రూట్ అంటారు. అందులో ఏమి రాయాలో నిర్ణయించే పని మళ్లీ జాన్‌దే.

అన్నట్టు, ఈ పద్ధతిని యునిక్స్ కంప్యూటర్లలో నడిపే బైండ్ అనే సాఫ్ట్‌వేర్‌ను 1980ల మొదట్లో బర్క్‌లీలో రాసింది నలుగురు పి.జి. విద్యార్థులు. ఈ చరిత్రలో పి.జి. విద్యార్థులు మాటిమాటికీ వస్తుంటారు. గమనించండి.

కదిలే పేర్లు

ఇప్పుడు నా ప్రాజెక్టు సంగతి. ఇది కొంచెం లెక్కగా ఉంటుంది, ఓపికగా చదవండి.

మొదటి డొమైన్ నేమ్ సర్వర్లలో పేర్ల పట్టీ ఒక మామూలు టెక్స్టు ఫైలు. మనిషి దాన్ని తెరిచి చేత్తో మార్చాలి. ఫైలు పైన ఒక వరుస సంఖ్య ఉంటుంది, దాన్ని ఒకటి పెంచాలి. తర్వాత సర్వర్‌కు ఫైలు మళ్లీ చదవమని చెప్పాలి. అసలు రిజిస్టరుకు నకళ్లు ఉంచుకునే సర్వర్లు కొన్ని ఉంటాయి. అవి నిర్ణీత సమయానికోసారి వచ్చి వరుస సంఖ్య చూస్తాయి. పెరిగి ఉంటేనే కొత్త ప్రతి తీసుకుంటాయి. పేరు మార్చి సంఖ్య పెంచకపోతే అసలులో ఒకటి, నకళ్లలో ఇంకొకటి. అడిగినవాడికి ఒకసారి ఒక జవాబు, ఇంకోసారి మరో జవాబు.

1980ల్లో ఇది పెద్ద ఇబ్బంది కాలేదు. కంప్యూటర్ అంటే బీరువా అంత ఉండేది, ఒకచోట పెడితే ఏళ్లతరబడి అక్కడే. 1990ల్లో పరిస్థితి మారింది. ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. యంత్రం నెట్‌వర్కులోకి రాగానే తాత్కాలికంగా ఒక చిరునామా ఇచ్చే డి.హెచ్.సి.పి. వచ్చింది. ఇవాళ ఇచ్చిన చిరునామా రేపు ఉంటుందన్న నమ్మకం లేదు. పిల్లలు రోజుకో గది మారుతుంటే వార్డెన్ చేత్తో ఎన్నిసార్లు దిద్దుతాడు?

1996 ఆగస్టులో రెండు పత్రాలు వచ్చాయి. మార్పు జరగ్గానే అసలు సర్వరే నకలు సర్వర్లకు కబురు పెట్టాలని ఒకటి, మొత్తం రిజిస్టరు కాకుండా మారిన వరుసలు మాత్రమే పంపవచ్చని ఇంకొకటి. 1997 ఏప్రిల్‌లో అసలైనది వచ్చింది, ఆర్.ఎఫ్.సి. 2136. పాల్ విక్సీ, సుసాన్ థామ్సన్, యాకవ్ రెక్టర్, జిమ్ బౌండ్ రాశారు. దానికి నంబరు వేసి వెలువరించింది జాన్ కార్యాలయమే.

అందులోని ఆలోచన చాలా అందంగా ఉంటుంది. సర్వర్‌కు పంపే విన్నపంలో ముఖ్యంగా మూడు భాగాలుంటాయి. ఏ రిజిస్టరులో మార్చాలి అన్నది మొదటిది. మార్చే ముందు ఏమేమి నిజమై ఉండాలి అన్నది రెండోది. ఏమి మార్చాలి అన్నది మూడోది. రెండో భాగమే దీని ప్రాణం. ఉదాహరణకు, ఏడో మంచం ఖాళీగా ఉంటేనే నా పేరు రాయండి, ఇప్పటికే ఎవరిదైనా పేరుంటే ఏమీ చేయకండి అని అడగవచ్చు. ఇద్దరు ఒకేసారి వచ్చినా మంచం ఒక్కరికే దక్కుతుంది, రెండోవాడికి ఖాళీ లేదన్న జవాబు స్పష్టంగా వస్తుంది. విన్నపంలో పది మార్పులుంటే పదీ జరగాలి, లేదా ఒక్కటీ జరగకూడదు. పాత మంచం నుంచి పేరు కొట్టేసి కొత్త మంచం మీద రాయకుండా మధ్యలో ఆగిపోతే ఆ పిల్లాడు ఎక్కడా లేనివాడవుతాడు కదా.

చెప్పడానికి సులువే. తయారుచేసేటప్పుడు తెలుస్తుంది. మార్పు రాస్తుండగా కరెంటు పోతే? అందుకే మార్పును ముందు ఒక చిట్టా పుస్తకంలో రాసి, డిస్కు మీద పడిందని రూఢి చేసుకున్న తర్వాతే జరిగిందని జవాబివ్వాలి. కరెంటు వచ్చాక చిట్టా చదువుకుని మళ్లీ అదే స్థితికి రావాలి. వరుస సంఖ్యను మనిషి కాకుండా సర్వరే పెంచాలి. మార్పు జరుగుతున్న క్షణంలో ఎవరైనా పేరు అడిగితే పూర్తిగా పాతదో పూర్తిగా కొత్తదో చెప్పాలి తప్ప సగం సగం చెప్పకూడదు. నకలు సర్వర్ దగ్గరికి విన్నపం వస్తే అది తనంతట తాను దిద్దకూడదు, అసలు సర్వర్‌కు పంపాలి.

వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇంకొకటుంది. మార్చమని అడుగుతున్నది ఎవరు? దారినపోయే ఎవడో వచ్చి నీ పేరు కొట్టేసి తన పేరు రాయమంటే రాసెయ్యడమేనా? సర్వర్ అతి మంచితనంతో వచ్చిన ప్రతి విన్నపాన్నీ సర్దుకుని ఒప్పుకుంటే బ్యాంకు పేరు దొంగ చిరునామాకు మారిపోతుంది. ఇందాక ఓర్పు పనికిరాదన్నది ఇందుకే. భద్రత గురించిన మొదటి పత్రం అదే 1997 ఏప్రిల్‌లో వచ్చింది. అందరూ వాడే టిసిగ్ పద్ధతి 2000లో వచ్చింది. అడిగేవాడికీ సర్వర్‌కూ మాత్రమే తెలిసిన ఒక రహస్యంతో విన్నపం మీద ముద్ర వేస్తారు. ముద్రలో సమయం కూడా ఉంటుంది, మామూలుగా 300 సెకన్లకు మించి తేడా ఉంటే చెల్లదు. నిన్నటి విన్నపాన్ని దొంగిలించి ఇవాళ మళ్లీ పంపడానికి వీల్లేదన్నమాట.

ఎవరు రాయవచ్చు, ఎవరు మార్చవచ్చు, ఎవరి మాట మీద? ఇది మన చిన్న ల్యాబు సర్వర్‌కు ఎంత ముఖ్యమో ప్రపంచమంతటి పేర్లకూ అంతే ముఖ్యం. జాన్ జీవితంలో చివరి సంవత్సరం ఈ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

1998

చాలా కాలం వరకు దేశాల శాఖలను ఎవరికి అప్పగించాలో జాన్ తన బల్ల దగ్గర కూర్చునే తేల్చేవారు. మన దేశపు ఇన్ శాఖ 1989లో వచ్చింది. ఏది దేశం, ఏది కాదు అన్న గొడవలోకి తాను దిగకుండా ఆయన ఒక తెలివైన పని చేశారు. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ వాళ్ల దేశాల కోడ్ లిస్టు ఒకటి ముందే ఉంది. అందులో ఉంటే ఇస్తాం, లేకపోతే లేదు అన్నారు. 1994 మార్చిలో ఆయన రాసిన ఆర్.ఎఫ్.సి. 1591లో, పేర్ల శాఖను చూసుకునేవాడు దానికి యజమాని కాదు, ఆ ప్రజలందరి తరఫున ధర్మకర్త మాత్రమే అన్న భావం ఉంది. హక్కుల గురించి కొట్లాడకుండా సేవ గురించి ఆలోచించాలని అందులో సూచించారు. నాకు ఆయన రాసిన వాటన్నిటిలో ఇదే గొప్పదనిపిస్తుంది. కేవలం ఏడెనిమిది పేజీలు.

కానీ కాలం మారుతోంది. కామ్ పేర్లు నమోదు చేసే పని నెట్‌వర్క్ సొల్యూషన్స్ అనే ప్రైవేటు కంపెనీ చేతిలో ఉండేది. 1995 సెప్టెంబరు నుంచి వాళ్లు ఒక్కో పేరుకు రెండేళ్లకు 100 డాలర్లు వసూలు చేయడం మొదలుపెట్టారు. అప్పటిదాకా ఉచితం. వెబ్ విస్తరించి పేర్ల కోసం జనం ఎగబడుతున్న రోజులవి. కొత్త శాఖలు తెరిచి పోటీ తేవాలని జాన్, ఇంకొందరు ప్రయత్నించారు. అమెరికా ప్రభుత్వం ఒప్పుకోలేదు. రూట్ రిజిస్టరు మీద అంతిమ అధికారం ఇంటర్నెట్‌ను కట్టిన ఇంజనీర్లదా, డబ్బు పెట్టిన ప్రభుత్వానిదా, కాంట్రాక్టు పొందిన కంపెనీదా అన్నది తేలలేదు.

రూట్ సర్వర్లు 13 ఉన్నాయి, ఇంగ్లీషు అక్షరాల్లో ఎ నుంచి ఎం దాకా. అప్పట్లో ఎ సర్వర్ ఆ కంపెనీ దగ్గర ఉండేది. మిగతా 12 దాని నుంచి నకలు తీసుకునేవి. 1998 జనవరి 28న జాన్ ప్రభుత్వ, సైనిక సంస్థల చేతుల్లో లేని ఎనిమిది సర్వర్ల నిర్వాహకులకు ఒక మెయిలు పెట్టారు. ఇకనుంచి నకలును ఆ కంపెనీ సర్వర్ నుంచి కాకుండా తన సంస్థ సర్వర్ నుంచి తీసుకోమని కోరారు. ఎనిమిది మందీ ఆయన చెప్పినట్టే చేశారు.

సామాన్య జనానికి ఏమీ తెలియలేదు. ఒక్క పేరూ మారలేదు, ఒక్క వెబ్‌సైటూ ఆగలేదు. రెండు రిజిస్టర్లలోనూ ఉన్నది ఒకే రాత. కానీ అమెరికా ప్రభుత్వంలో కలకలం రేగింది. ఏ హోదా లేని ఒక గడ్డం మనిషి ఒక్క ఉత్తరంతో ప్రపంచ ఇంటర్నెట్ పైభాగాన్ని పక్కకు జరపగలిగాడు! అధ్యక్షుడు క్లింటన్ సలహాదారు ఐరా మగజైనర్ గట్టిగా జోక్యం చేసుకున్నారు. జాన్ వెనక్కి తగ్గి సర్వర్లను పాత పద్ధతికే మార్పించారు. ఇది ఒక పరీక్ష మాత్రమేనని వివరణ ఇచ్చారు. రెండు రోజులకే, జనవరి 30న, పేర్ల వ్యవస్థ భవిష్యత్తు మీద ప్రభుత్వం తన ప్రతిపాదన పత్రం విడుదల చేసింది.

ఆయన చేసింది ఒప్పా, తప్పా? క్యాంటీన్లో మిత్రులతో దీనిమీద చాలాసార్లు వాదించుకున్నాం. ఆయన ఏదీ దోచుకోలేదు, ఏదీ చెడగొట్టలేదు, అధికారం చేతిలో ఉందని ఒక్క పేరును కూడా తనకు అనుకూలంగా మార్చుకోలేదు. ఎనిమిది మంది మారు మాట్లాడకుండా విన్నారంటే ముప్పై ఏళ్ల నిజాయితీకి దక్కిన విలువ అది. ఇక్కడిదాకా అందరం ఒప్పుకుంటాం. కానీ నేను ప్రాజెక్టు కళ్లతో చూస్తే వేరే భయం వేస్తుంది. ఆ మెయిలు జాన్ నుంచే వచ్చిందని నిర్వాహకులు నమ్మింది ఆ మనిషి మీద నమ్మకంతో. జాన్ స్థానంలో ఇంకొకరుంటే? మంచి వార్డెన్ ఉన్నంతకాలం ఏ రూలూ అక్కర్లేదు. వార్డెన్ బదిలీ అయిన రోజున రూలు ఎంత అవసరమో తెలుస్తుంది. బహుశా జాన్‌కు కూడా ఇది తెలుసు. ఎందుకంటే ఆ తర్వాత నెలలన్నీ ఆయన తన పనిని ఒక సంస్థకు అప్పగించే ప్రయత్నంలోనే గడిపారు.

1998 జూన్‌లో ప్రభుత్వం తుది విధానం ప్రకటించింది. సెప్టెంబరు 30న ఐకాన్ అనే లాభాపేక్ష లేని సంస్థ రిజిస్టరయింది. జాన్ నోటుబుక్కులో మొదలైన పని ఆ సంస్థకు దఖలు పడాల్సి ఉంది. అది స్థిరపడటం ఆయన చూడలేదు. గుండె కవాటానికి చేసిన ఆపరేషన్ తర్వాత కోలుకోలేక 1998 అక్టోబరు 16న లాస్ ఏంజిలిస్‌లో కన్నుమూశారు. వయసు 55 ఏళ్లు. ఆయన జీవితమంతా నంబర్లు వేసిన ఆర్.ఎఫ్.సి. వరుసలోనే 2468వ పత్రంగా వింట్ సెర్ఫ్ నివాళి రాశారు. అదే బడిలో చదివిన ఆ సెర్ఫే. నియమాలు తప్ప మరొకటి అరుదుగా కనిపించే ఆ వరుసలో కన్నీళ్లతో రాసిన కాగితం అది. 1999 నుంచి ఇంటర్నెట్ సొసైటీ ఆయన పేరిట ఏటా ఒక అవార్డు ఇస్తోంది. మొదటి ఏడాది అది ఆయనకే ఇచ్చారు.

తర్వాతి సంగతులు క్లుప్తంగా చెబుతాను. రూట్ రిజిస్టరుకు 2010 జూలైలో గణిత ముద్ర వచ్చింది. ఇప్పుడు ఒక్క మనిషి మెయిలు చాలదు, ముద్ర సరిపోవాలి. 2011లో మన దేశానికి ఏడు లిపులలో శాఖలు ఇచ్చారు, వాటిలో తెలుగు అక్షరాల్లో భారత్ అన్నది ఒకటి. 2016 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వపు కాంట్రాక్టు ముగిసి ఆ పర్యవేక్షణ పూర్తిగా తొలగింది. 1998 జనవరిలో లేచిన గొడవ పద్దెనిమిదేళ్లకు ఒక కొలిక్కి వచ్చింది. ఆయన పనిచేసిన ఇన్‌స్టిట్యూట్ మాత్రం 13 రూట్ సర్వర్లలో బి అక్షరం గల సర్వర్‌ను ఇప్పటికీ నడుపుతూనే ఉంది.

తమ్ముళ్లలో, చెల్లెళ్లలో ఎవరికైనా కంప్యూటర్ ల్యాబు అందుబాటులో ఉంటే ఆర్.ఎఫ్.సి. 1591, 2136 రెండూ తెరిచి చూడండి. అవి ఉచితం, ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. ముందు 1591 చదవండి, ఇంగ్లీషు తేలిగ్గా ఉంటుంది. 2136 దగ్గర ఆగిపోతే సెలవుల్లో నేను హాస్టల్‌కు వచ్చినప్పుడు అడగండి, స్టడీ అవర్ అయ్యాక కూర్చుందాం.